కొత్త బండి తాగుడు

"లీటరుకి పదకొండు ఇస్తుందన్నారు. ఏడు దాటితే ఒట్టు! తాగుడులో మా చిన్న మావయ్యని మించిపోయింది," అంది ఆవిడ మెకానిక్‌తో.

భర్త కొత్త పికప్ అద్దం తుడుస్తున్నాడు. అద్దం అప్పటికే తళతళలాడుతోంది.

"ఆ పదకొండు ఖాళీ బండికమ్మా. కంకర మోస్తే రాదు," అన్నాడు మెకానిక్.

"ఓహో! అయితే మేం ఊరేగడానికి కొన్నామన్నమాట."

మెకానిక్ నవ్వుతూ బానెట్ దించాడు. "ఇంజిన్ పువ్వులా ఉంది సార్. బండి ఆపాక కూడా ఏసీ కోసం ఇంజిన్ ఆన్‌లోనే ఉంచుతారా?"

"అప్పుడప్పుడు," అన్నాడు భర్త.

"అప్పుడప్పుడైతే ఇంత తాగదే!"

మరో చురక వెయ్యబోతూ ఆవిడ బండి వెనక్కి నడిచి, అక్కడే ఆగిపోయింది. రెండు నెలలుగా రోజూ క్వారీ నుంచి కంకర మోస్తున్న బండి. తొట్టిలో ఒక్క గీత కూడా లేదు.

"క్వారీ ఎప్పుడు మూశారండీ?" అని మెల్లగా అడిగింది.

భర్త చేతిలో గుడ్డ ఆగింది. "బండి కొన్న వారానికే. నీతో ఎలా చెప్పాలో తెలీక, పొద్దున్నే బయల్దేరి ఊరి బయట బండిలోనే కూర్చుంటున్నా."

ఆవిడ మెకానిక్ వైపు తిరిగి, "బండిలో తప్పేం లేదు లెండి," అంది.

తర్వాత భర్త చేతిలోంచి తాళాలు తీసుకుంది.

"రేపట్నుంచి ఇంట్లోనే ఫ్యాను కింద కూర్చుని దిగులు పడదాం. ఇద్దరికీ కలిపి మైలేజీ బాగా వస్తుంది."