తడి చేతులు

మా గొర్రెలకు అమ్మవారు పోసిన నాటినుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. బిడ్డ మొలకు వేపాకు కట్టాను.

మా ఆడబిడ్డ రత్నకుమారి హైదరాబాదులో ఈ రోగాల మీదే పరిశోధన చేస్తుంది. మాచర్ల బస్సు దిగి, నేరుగా మందలోకి పోయి, పరీక్షకని గొర్రెల నెత్తురు తీసి, అది పెట్టిన థర్మాసుతో ఇంటికొచ్చింది.

గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాను.

“గొర్రెల జబ్బు మనుషులకు రాదు వదినా. నా చదువంతా ఇదేగా!”

“అయితే ఎత్తుకో.”

బిడ్డను అందించబోయాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

“ఏందే, నీకూ భయమేనా?”

“రాదని తెలుసు. తెలిసి గూడా, అన్న కొడుకనేసరికి చేతులు ముందుకు రావట్లా.”

ఇన్ని రోజులకు నాకు నవ్వొచ్చింది. చెంబుతో ఆమె చేతుల మీద నీళ్లు పోశాను. మోచేతులదాకా రుద్దుకుని, మళ్లీ సబ్బు అందుకోబోయింది.

“ఇంక చాల్లేవే” అంటూ బిడ్డను ఆ తడి చేతుల్లో పెట్టాను.