పైకప్పు మీద దారి

టీవీ ఠప్పుమంది. బొమ్మ పోయింది. మాటలు మాత్రం వినిపిస్తున్నాయి.

మంచం మీద వెల్లకిలా పడుకున్న డ్రైవర్ రిమోట్‌ని గోడకేసి కొట్టాడు.

పద్దెనిమిదేళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. డిపోలో రెండు బస్సుల మధ్య నలిగాక నడుం కింది భాగం అతని మాట వినడం మానేసింది. ఉండేది నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. ఏడాదిన్నరగా అతనికి లోకమంటే ఆ గది, ఆ టీవీ. కాళ్ళు కదలకపోయినా కోపం మాత్రం ఒంటికాలి మీద లేచేది.

"కొత్తది కొందాం. పెద్దది. గోడంత."

"గోడంత టీవీ కొనాలంటే గోడ అమ్మాలి," అంది భార్య, రిమోట్ ముక్కలు ఏరుకుంటూ. ఆస్పత్రి దుప్పట్లు కుట్టి ఆమె తెచ్చేది ఇంటికే చాలీచాలదు. "పాత టీవీల షాపుకి ఫోన్ చేశాను. మనిషిని పంపుతారట. ఉన్నంతలో ఏదో ఒకటి చేస్తారు."

మర్నాడు పొద్దున్నే మెకానిక్ వచ్చాడు. అరవై దాటినవాడు. భుజాన సంచి. గుమ్మం దగ్గర ఆగి, "లోపలికి రావచ్చా?" అని అడిగాడు. రమ్మన్నాక కూడా ఒక్క క్షణం నిలబడి, అప్పుడు అడుగు పెట్టాడు.

టీవీ జోలికి పోలేదు. మంచం పక్కన, నేల మీద, వెల్లకిలా పడుకున్నాడు.

"ఏంటయ్యా, నిద్రొస్తోందా?" అన్నాడు డ్రైవర్.

"మీకేం కనిపిస్తోందో చూస్తున్నానండీ. టీవీ చూడాలంటే మెడ ఇలా తిప్పే ఉంచాలి. ఎంతసేపు ఉంచుతారు?"

"రోజంతా."

"నొప్పి?"

డ్రైవర్ చెయ్యి మెడ మీదికి పోయింది. ఆ మాట ఇంతవరకూ డాక్టరు కూడా అడగలేదు.

మెకానిక్ లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"మీకు టీవీ వద్దమ్మా. షాపులో వాడిన ప్రొజెక్టర్ ఒకటుంది. బల్బు మారిస్తే బంగారంలా పనిచేస్తుంది. బొమ్మ పైకప్పు మీద వేద్దాం. ఈ పాత టీవీ షాపుకిచ్చేస్తే మీకు చాలా కలిసొస్తుంది. ఆ మూల ఉన్న పాటల పెట్టె పాడుతుందా?"

"మూగబోయి ఐదేళ్ళయింది," అందామె.

"మాట్లాడిద్దాం."

రెండోరోజు స్టూలెక్కి పైకప్పుకి తెల్లరంగు వేశాడు. పాటల పెట్టె విప్పి, స్పీకర్లు దిండుకి అటొకటి ఇటొకటి బిగించాడు. పని చేస్తూనే అడిగాడు.

"మీది ఏ రూటండీ?"

"ఇరవై ఏడు. డిపో నుంచి రేవు దాకా."

"దారిలో వంతెన వస్తుందా?"

"వస్తుంది. నీకెందుకు?"

"ఊరికేనండీ."

వెళ్తూ వెళ్తూ పాత టీవీ భుజానికెత్తుకున్నాడు.

మూడోరోజు రాలేదు.

డ్రైవర్ ఆ రోజంతా తెల్లటి పైకప్పుని చూస్తూ పడుకున్నాడు. మాటా లేదు, బొమ్మా లేదు. మధ్యాహ్నానికి ఆ కప్పు కిందికి దిగుతున్నట్టు అనిపించింది. సాయంత్రానికి ఛాతీ మీద కూర్చున్నట్టే ఉంది.

"ఉన్నదీ పోయింది. ఇంకెక్కడి మెకానిక్కు!" అని భార్య మీద అరిచాడు.

నాలుగోరోజు పొద్దున మెకానిక్ ప్రొజెక్టర్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"లోపలికి రావచ్చా?"

"ఎక్కడ చచ్చావు నిన్న?"

"కొంచెం పనుండి..."

"నా టీవీ అమ్ముకుని ఊరేగావా? కొత్తది అడిగితే పాత సామాను అంటగడతావా? దొంగా!"

"ఏమండీ!" అంది భార్య.

"నువ్వు ఆగు. నాలుగు గోడల మధ్య పడి ఉండటమంటే వీడికేం తెలుసు? పని కాగానే తలుపు తీసుకుని వెళ్ళిపోతాడు!"

మెకానిక్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. అయినా పని ఆపలేదు. ప్రొజెక్టర్ బిగించాడు. స్టూలు మీద తన కాలి గుర్తులు గుడ్డతో తుడిచాడు.

"ఈ బటన్ నొక్కితే చాలమ్మా," అని ఆమెకి చూపించి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని బటన్ నొక్కింది.

పైకప్పు మీద రోడ్డు పరుచుకుంది.

బస్సు ముందు అద్దంలోంచి కనిపించే రోడ్డు. ఇంజను మోత రెండు చెవుల్లోనూ. మొదట డిపో గేటు. తర్వాత మందుల షాపు మలుపు. బడి దగ్గర స్పీడు బ్రేకరు. పిల్లలు దాటుతున్నారు. కండక్టర్ ఈల వేశాడు.

"ఇది మన ఇరవై ఏడే," అన్నాడు డ్రైవర్.

వంతెన వచ్చింది. కింద నీళ్ళు ఎండలో తళతళమన్నాయి. దుప్పటి మీదున్న అతని చేతులు వాటంతటవే స్టీరింగు తిప్పాయి. రేవు స్టాపులో బస్సు ఆగేదాకా అతను రెప్ప వేయలేదు.

"నిన్నంతా ఆయన బస్సులో కూర్చుని ఇదే తీసినట్టున్నాడు," అంది భార్య మెల్లగా.

"ఫోన్ చెయ్యి. రమ్మను. కాదు... ఇలా ఇవ్వు, నేను మాట్లాడతాను."

షాపు యజమాని ఎత్తాడు.

"ఆయనా? ఇందాకే తాళాలు నా చేతిలో పెట్టి పని మానేశాడండీ. ఉన్న గది కూడా ఖాళీ చేశాడట. ఎంత అడిగినా ఎక్కడికో చెప్పలేదు. మీ ఇంట్లో ఏమైనా జరిగిందా?"

"నోరు జారాను. దొంగ అన్నాను."



"ఎవడో చేసిన దోపిడీకి పదకొండేళ్ళు జైల్లో మగ్గిన మనిషండీ ఆయన," అన్నాడు షాపు యజమాని, "అసలు దొంగ దొరికాక, పోయినేడే వదిలారు."