లోకల్ కాల్

ఆ రోజుల్లో ఆఫీసు ఫోన్లలో విదేశీ నంబరు ఎలా కొట్టినా, అవతలి మనిషి ఎక్కడున్నాడో చూసుకుని ఫోనే దాన్ని మార్చుకునేది. మదనపల్లె మార్కెట్ యార్డు ఎదుట టమాటా ఎగుమతి కంపెనీలో గుమాస్తాగా ఉన్న నాగవేణికి అది అలవాటే.

కూతురికి నర్సింగ్ సీటు వచ్చిందని చెప్పడానికి ఒక ఉదయం ఆమె మొదటిసారి ఆఫీసు నుంచి కువైట్‌లోని భర్త రెడ్డెప్పకు ఫోన్ చేసింది. 00965 కొట్టగానే ఆ అంకెలు తెర మీద చెరిగిపోయాయి. 'లోకల్ కాల్' అని వచ్చింది.

"ఏం మే, ఈ టైంలో చేస్తివి?" అన్నాడు రెడ్డెప్ప. అతని వెనక వేలం కేకలు. అవే కేకలు ఆమె పక్కనున్న కిటికీలోంచి కూడా వినిపిస్తున్నాయి.

"యాడుండావు?"

"కువైట్‌లోనే గదా."

ఆమె రిసీవర్ వదిలేసి యార్డులోకి పరుగెత్తింది. నెత్తిన టమాటా బాక్సు, చెవి దగ్గర ఫోనుతో రెడ్డెప్ప నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి బిగుసుకుపోయాడు.

"పని పోయి ఏడు నెలలాయ. ఊరూరా కూలికి తిరగతా ఈ పొద్దే ఈడికొచ్చినా. నీకు మొగమెట్ల చూపిచ్చేది?"

"ఆడ ఎండలెట్లుండాయని నేను రోజూ అడగతా వుంటి," అంది నాగవేణి. "నువ్వు చెప్పతానే వుంటివి."

ఆమె బాక్సు దింపి, అతని చెయ్యి గట్టిగా పట్టుకుని ఇంటి దారి పట్టింది. కూతురికి సీటొచ్చిన సంగతి దారిలోనే చెప్పింది.