గీత పడని స్కీలు

తూంకుంటలో యోబు ఇంటి వరండాలో షైని అతను అమ్మకానికి పెట్టిన, మంచు మీద జారే పాత స్కీలను తిరగేసి, అడుగున గోటితో గీకి చూసింది.

“మెత్తటి మంచుకు గింత వెడల్పే ఉండాలె. ఎక్కేతందుకు తేలిగ్గనే ఉన్నయ్. కానీ అన్నా, నాకేందో అనుమానమొస్తాంది.”

“ఏంది?”

“ఎక్కేటప్పుడు జారకుండ అంటిచ్చే పట్టీలేమో బోడిగ అరిగినయ్. వాటి కింద స్కీలకు ఒక్క గీత లేదు. ఇరిగితే అడుగు మార్పిచ్చి అమ్ముతున్నరా?”

“మంచు మెత్తగుంటది గదా.”

“మూడేండ్లు గుల్మార్గ్ పోయిండ్రు, ఒక్క రాయి తగల్లేదా? కొండ మీదికెల్లి జారుతుంటే దేవుడే కాపాడిండని చర్చిల సాక్ష్యం చెప్పిండ్రు. గది ఇనే నేను గూడ అటు పోతున్న. నిజం చెప్పుండ్రి.”

యోబు వంటింట్లో ఉన్న భార్య వైపు చూసి, గొంతు తగ్గించాడు.

“ప్రతిసారీ పైదాక ఎక్కిన, షైనీ. కిందికి చూస్తే జారేతందుకు ధైర్యం చాలకపోతుండె. గివి భుజానేసుకొని, మోకాళ్ళ దాక మంచుల నడుసుకుంట దిగిన. మీ వదినకు గూడ చెప్పలే.”

షైని స్కీలను గోడకు ఆనించింది. అవి ఆమె నుదురు దాకా వచ్చాయి. యోబు కంటే మెల్లగా అడిగింది.

“అన్నా, నడుసుకుంట గూడ దిగొచ్చా?”