మూడింట రెండు

"ఆ బటన్ నొక్కక తప్పదు. నీ పాస్‌వర్డ్ కొట్టు."

"కుదరదు సార్."

మానిటరింగ్ గదిలో షిఫ్టు ఇన్‌చార్జీ, ఆపరేటర్‌గా ఉన్న ఆమే తప్ప ఇంకెవరూ లేరు. గోడ మీది పెద్ద తెరపై మూడు గళ్లు. కొండ సెంటర్ ఎరుపు. రేవు సెంటర్ ఎరుపు. తమ సెంటర్ ఒక్కటే పచ్చగా ఉంది.

అంబులెన్సు సర్వీసు డేటాబేస్ ఆ మూడు చోట్లా కలిసి నడుస్తుంది. వచ్చిన ప్రతి కాల్ మూడింట కనీసం రెండు సెంటర్లలో నమోదైతేనే బండి కదులుతుంది. మిగతా రెండూ ఉలకకపోయేసరికి తమ సెంటర్ ఉన్నచోటే బిగుసుకుపోయింది. రెండు కాల్స్ తెర అడుగున ఇరుక్కుపోయాయి. మొదటిది ఎవరిదో పురిటినొప్పుల కేసు. రెండోది ఛాతీనొప్పి, వృద్ధుడు. పక్కనున్న అడ్రసు ఇన్‌చార్జి ఇంటిది.

"ఆ పేషెంటు మా నాన్నే, తల్లీ," అన్నాడాయన.

ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు. ఆయన నొక్కమంటున్నది రాజుగారి బటన్. ఆఫీసులో దానికి అదే పేరు. నొక్కితే మిగతా రెండు సెంటర్లూ పోయినట్టే లెక్కగట్టి, ఈ సెంటర్ ఒక్కటే పెత్తనం చేస్తుంది. ఒకరి చేతిలోనే ఉండకూడదని దానికి ఇద్దరి పాస్‌వర్డ్‌లు పెట్టారు. పైగా అవతలివాళ్ల గొంతు విని, అక్కడ నిజంగానే అంతా ఆగిపోయిందని తేల్చుకోనిదే ముట్టుకోకూడదు.

హాట్‌లైన్ ఎత్తి కొండకి చేసింది. ఎంగేజ్. రేవుకి చేసింది. అదీ ఎంగేజే.

"ఎంగేజ్ అంటే అక్కడ ఎవరో ఒకరు ఫోన్ పట్టుకుని ఉన్నట్టేగా సార్?"

"లైను పాడైనా అలాగే కూస్తుంది. రెండుచోట్లా ఒకేసారి కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారంటావా?"

"సెల్‌ఫోన్లు గేటు దగ్గర లాకర్లో ఉన్నాయి. పరుగెత్తుకెళ్లి బయటనుంచి చేసొస్తా."

"నువ్వెళితే రెండో పాస్‌వర్డ్ ఎవరు కొడతారు, ఈ ఏసీ కొడుతుందా?"

ఆమె కదల్లేదు. "రెండు సెంటర్లూ ఒక్కసారే పోవడం నేనెప్పుడూ చూడలేదు సార్. తెగింది మన లైనేమో. వాళ్ల తెర మీద మనమే ఎర్రగా ఉన్నామేమో."

"లైట్లు వెలుగుతున్నాయి. మిషన్లు నడుస్తున్నాయి. నువ్వు నా ప్రాణం తోడేస్తున్నావు. పోయినవాళ్లలా ఉన్నామా మనం?"

ఆయన కుర్చీ లాక్కుని పక్కనే కూలబడ్డాడు. గొంతు తగ్గింది.

"మా నాన్న కాలు విరిగినప్పుడే బెణికిందని బుకాయించిన మనిషమ్మా. ఆయన అంబులెన్సుకి ఒప్పుకున్నాడంటే..." తెర అడుగున తన ఇంటి అడ్రసు వైపు చూశాడు. "మీ నాన్నయితే ఏం చేసేదానివి?"

అక్కడితో ఆమె వాదన అయిపోయింది. పాస్‌వర్డ్ కొట్టింది. ఆయనా కొట్టాడు.

తెర ఒకసారి చీకటై, మళ్లీ వెలిగింది. బండ్లకి ఆర్డర్లు వెళ్లే లైను వేరు. దానికేమీ కాలేదు. డ్రైవర్లకి ఏది తాజాగా వస్తే అదే ఆర్డరు. పురిటి కేసుకి, తమ తెర మీద ఖాళీగా కనిపిస్తున్న దగ్గర్లోని బండి పడింది. ఛాతీనొప్పికి ఊరవతల ఖాళీగా ఉన్న బండి.

"దూరమైతేనేం, బయల్దేరింది." ఇన్‌చార్జి సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగి, చొక్కా చేతితో మూతి తుడుచుకున్నాడు. "ఊరికే బెంబేలెత్తించావు నన్ను."

హాట్‌లైన్ మోగింది.

"అక్కా! ఉన్నారా మీరు!" రేవు సెంటర్ ఆపరేటర్ గొంతు. "ఎప్పుడు చేసినా ఎంగేజే! ఇటు నేనూ, అటు కొండవాళ్లూ ఆపకుండా మీకే చేస్తున్నాం. ఇక్కడ మీ సెంటర్ ఒక్కటే ఎర్రగా ఉంది."

"మీరు... నడుస్తున్నారా తమ్ముడూ?"

"భేషుగ్గా. మేమిద్దరం చాలుగా, మూడింట రెండు. మీ లైను తెగేముందు వచ్చిన రెండు కాల్సూ మాకు చేరాయి. చేరాయన్న జవాబే మీకు అందినట్టు లేదు."

ఇన్‌చార్జి వెనక్కి వాలి నవ్వాడు. "రేవువాళ్లేనా? మా నాన్నకి బండి పంపేశామని చెప్పు."

ఆమె రిసీవర్‌ని చెవికి గట్టిగా అదుముకుంది.

"మరి ఆ ఛాతీనొప్పి కాల్?"

"వెంటనే పంపాం అక్కా. బండి వాళ్ల వీధి మలుపు దాకా వెళ్లిపోయింది కూడా. ఇదిగో, ఇప్పుడే ఎవరో పురిటి కేసుకి పొమ్మని ఆర్డరిస్తే వెనక్కి తిరిగింది. మీరేం నొక్కలేదు కదా?"