గదిలో ఎవరున్నారు?

"రాత్రి నిద్ర పట్టిందా మేడమ్?" అని డాక్టర్ అడిగాడు.

"అమ్మ బాగానే పడుకుంది డాక్టరుగారూ," అంది కూతురు.

ప్రొఫెసరైన ఆ తల్లి గిర్రున కూతురి వైపు తిరిగింది. "ఆయన అడిగింది నిన్నా, నన్నా? నువ్వు బయటికి నడు."

కూతురు వెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

వృద్ధుల చట్టాలు ముప్పయ్యేళ్లు బోధించిన మనిషి ఆవిడ. పెద్దవాళ్ల తరఫున గబగబా జవాబు చెప్పే బిడ్డనే ముందు అనుమానించండి అని ప్రతి క్లాసులోనూ చెప్పేది.

"చూశారుగా, నోట్లో మాట నోట్లో ఉండగానే లాక్కుంటుంది. నా వైద్యం దాని ఇష్టమేనని నేను కాగితం రాసిచ్చానట! కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోను?"

డాక్టర్ ఫైల్లోంచి ఆ కాగితం తీసి ముందు పెట్టాడు. దస్తూరీ ఆవిడదే. తేదీ రెండేళ్ల కిందటిది. అందులో ఇలా ఉంది:

"మతిమరుపు ముదిరాక నేను ముందు అనుమానించేది నా కూతుర్నే. అప్పుడు నా మాట వినకండి. నా వైద్యం గురించి తనే నిర్ణయిస్తుంది."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని మూడుసార్లు చదివింది.

"ఇది రాసేటప్పుడు మా అమ్మాయి గదిలో ఉందా?"

"లేదు మేడమ్. ఆ రోజు కూడా మీరే బయటికి పంపారు."

"అయితే చెల్లుతుంది," అంది ప్రొఫెసర్. "పిల్లని లోపలికి పిలవండి."