తొంభై ఎనిమిది శాతం శ్రద్ధ

ఇప్పుడు మా బళ్ళో స్లైడ్లే పిల్లల కళ్ళను గమనిస్తుంటాయి. చూపులు చెదిరితే, పిల్లలకు బాగా తెలిసిన ఊరి ఫొటో ఒకటి వాటంతటవే వెతికి తెచ్చుకుంటాయి.

నిన్న ఎనిమిదో తరగతి ఎ సెక్షన్‌లో ఘర్షణ పాఠం చెబుతున్నాను. తెర మూలన కనిపించే శ్రద్ధ అంకె నలభై శాతానికి పడిపోయింది. వెంటనే స్లైడు మారి, తడి రోడ్డు మీద బోల్తాపడిన ఆటో కనిపించింది. దాని వెనక రంగుల్లో ‘చంద్రిక’ అని రాసుంది. మూడో బెంచీలో కూర్చునే చంద్రిక వాళ్ళ నాన్న పోయిన నెల చనిపోయింది ఆ ఆటోలోనే.

క్లాసంతా కళ్ళార్పకుండా చూసింది. శ్రద్ధ తొంభై ఎనిమిది. స్లైడు ఆపే బటన్ నా చేతిలోనే ఉంది. కానీ ఇన్నేళ్ళ సర్వీసులో అంత అంకె నాకెప్పుడూ రాలేదు. టైర్లు ఎందుకు జారాయో చివరిదాకా వివరించాను. చంద్రిక ఒక్కతే తల వంచుకుని కూర్చుంది.

బెల్లు కొట్టాక నా దగ్గరికొచ్చింది.

“టీచర్, బి సెక్షన్ వాళ్ళకి కూడా ఇదే చూపిస్తారా?”

“లేదమ్మా,” అన్నాను.

తర్వాతి పీరియడ్‌లో బి సెక్షన్ పిల్లలు ఆవలించడం మొదలుపెట్టగానే ఆటో మళ్ళీ వచ్చింది. నేను బటన్ మీద వేలు పెట్టాను. పిల్లలందరూ ఒక్కసారిగా తలలెత్తారు.

నొక్కకుండానే వేలు తీసేశాను.